మా చిన్నన్న రెక్కలు విరగ్గొట్టేవాడు

మా చిన్నన్న పోయాడన్న వార్త మీ పత్రిక పోయిన సంచికలో వేశారు. అందుకు దండాలు. కానీ దాని కింద మీరు రాసిన మాట తప్పు. "చిన్ననాడు ఊరి మీదుగా పోయిన విమానాన్ని కళ్లార్పకుండా చూసి, ఆ రోజే ఆకాశాన్ని అందుకోవాలని కలగన్నాడు" అని రాశారు. కళ్లార్పకుండా చూసిన మాట నిజమే. గురి చూసేవాడు కళ్లార్పడు. మా అన్న ఆ విమానాన్ని వడిసెలతో రాయి పెట్టి కొట్టాడు.

చావు కబురు నాకు ఒక పొద్దున అందింది. మహబూబ్‌నగర్‌లో మా ఇంటి వరండాలో కూర్చుని చింతచిగురు ఏరుతున్నాను. ఇంగ్లండు నుంచి మేనకోడలు ఫోను. అక్కడే పుట్టి పెరిగిన పిల్ల, పిల్ల అంటే ఇప్పుడు దానికీ జుట్టు నెరిసింది. దానికి వచ్చిన తెలుగు మూడు మాటలు: తిన్నడా, పండుకున్నడా, మంచిగున్నడా. వాటినే అటు తిప్పి ఇటు తిప్పి బతుకుతుంది. ఆ పొద్దున "అత్తా, నాయిన తిన్నడు. పండుకున్నడు" అని ఆగింది. మూడో మాట అనలేకపోయింది. నాకు అర్థమైంది. తొంభై దాటిన మనిషి తిని పండుకుని పోతే ఏడవకూడదని నలుగురికీ చెప్పేదాన్ని నేనే. చింతచిగురు మాత్రం ఆ రోజు వండలేదు.

వచ్చే ఆదివారం ఊరి బడిలో సంతాప సభ పెడుతున్నారు. మేనకోడలు వస్తోంది. పిలుపు కాగితం నాకూ పంపారు. వేదిక మీద కూర్చునేవాళ్లు చాలామందే ఉన్నారు. అందులో సగం మంది మా అన్నను చూడలేదు, మిగతా సగాన్ని మా అన్న చూడలేదు. ఉండవలసిన ఒక్క మనిషి లేడు. ఆయన మా అన్న దోస్తు. ఊళ్లోనే ఉన్నాడు, గొర్రెల దొడ్ల దగ్గర. ఆయన లేకుండా సభ జరిగితే ఆ పిల్ల మీ సంచికలోని తండ్రినే మూట కట్టుకుని వెళ్లిపోతుంది. అసలు తండ్రి ఈ గడ్డ మీదే ఉండిపోతాడు. ఆ దోస్తు వేదిక మీద ఎందుకు కూర్చోవాలో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

అవి నిజాం రోజుల చివరి దినాలు. రజాకార్లు ఊళ్ల మీద పడి దోచుకుంటున్న కాలం. సంఘం వాళ్లు మా ఊరికి ఒక కట్టుబాటు నేర్పారు. బురుజు మీద పగలంతా ఒకరు కాపలా ఉండాలి. మోటరు చప్పుడు వినబడితే డప్పు కొట్టాలి. డప్పు వినగానే వడిసెల తిప్పగలిగిన పిల్లలు బురుజెక్కాలి, నాలాంటి చిన్నవాళ్లు ఒళ్లో రాళ్లు మోసుకుపోయి అందించాలి, ఆడవాళ్లు కారంపొడి గిన్నెలతో గడపల్లో నిలబడాలి. వడిసెల తెలియనివాళ్లు ఇప్పుడు చాలామంది ఉంటారు కాబట్టి చెబుతున్నాను. రెండు తాళ్లు, వాటి మధ్య అరచేయంత అల్లిక. అందులో రాయి పెట్టి గిరగిరా తిప్పి ఒక తాడు వదిలితే రాయి దూసుకుపోతుంది. జొన్న చేలో పిట్టలను తరమడానికి, మంద మీదికొచ్చే తోడేలును బెదిరించడానికి ఉన్న సామాను. మా అన్న దోస్తు గొర్రెలు కాసే ఇంటివాడు. వడిసెల అతని నడుముకు మొలతాడులాగా ఎప్పుడూ ఉండేది. మా అన్నకు నేర్పిందీ అతనే.

వానలు తగ్గుముఖం పట్టాయి, తంగేడు అప్పుడే పూత మీద ఉంది. ఒక మధ్యాహ్నం చప్పుడు వినబడింది. కాపలా మనిషి బాట దిక్కు చూశాడు, ఏమీ కనబడలేదు. కట్టుబాటు కట్టుబాటే కాబట్టి డప్పు కొట్టాడు. అందరం బయటికి వచ్చాక తెలిసింది, చప్పుడు పైనుంచి వస్తోందని. మా ఊళ్లో అంతకుముందు ఎవరూ విమానాన్ని అంత దగ్గరగా చూడలేదు. మా అమ్మ కారం గిన్నె పట్టుకుని వాకిట్లో నిలబడి ఆకాశం కేసి చూస్తోంది. పక్కింటి పెద్దమ్మ అంత భయంలోనూ ఊరుకోలేదు.

"ఏందే, పైకి సల్లుతవా? మన కండ్లల్లనే పడ్తది."

"దిగనియ్యి. దిగినంక సూస్త" అంది మా అమ్మ.

బురుజు మీద మా అన్న, దోస్తు ఇద్దరే ఉన్నారు. రాళ్లు అందిస్తున్నది నేను. ఇద్దరూ ఒక్కసారే తిప్పి వదిలారు. దోస్తు రాయి ఎక్కడ పడిందో ఈనాటికీ తెలియదు. మా అన్న రాయి నిటారుగా పైకి పోయి, అంతే నిటారుగా దిగివచ్చి, మా ఇంటి మీది గూనపెంకును పగలగొట్టింది. విమానం దాని దారిన అది పోయింది.

అది నిజాంను దించడానికి వచ్చిన యూనియన్ సర్కారు విమానమని తర్వాత తెలిసింది. పోలీసు చర్య మొదలైందన్నమాట. మమ్మల్ని కాపాడడానికి వచ్చినదాన్నే మేము రాళ్లతో కొట్టాం. మాకెట్లా తెలుస్తుంది? అప్పటిదాకా మా ఊరికి చప్పుడు చేసుకుంటూ వచ్చినదేదీ మంచికి రాలేదు.

బాపు, అంటే మా నాన్న, నిచ్చెన వేసుకుని పెంకు మారుస్తుంటే మా అన్న కింద నిలబడి అడిగాడు: పైకి పోయిన రాయి ఒక జాగాలో ఆగి కిందికి మళ్లుతుంది కదా, ఆగిన ఆ క్షణాన దానికి బరువు ఉంటుందా? "ఈసారి నీ నెత్తిమీద పడనియ్యి, తెలుస్తది" అన్నాడు బాపు. మా అన్న చదువుకు పునాది అనదగ్గది ఏదైనా ఉంటే, ఆ ప్రశ్నే. జవాబు కాదు.

రజాకార్లు పారిపోయారు. ఊరు ఊపిరి పీల్చుకుంది. ఆ ఏడు దసరాకు జమ్మి ఆకు పంచుకుంటూ మా అన్న, దోస్తు తమ ఘనకార్యాన్ని చుట్టుపక్కల ఊళ్ల పిల్లలందరికీ చెప్పుకున్నారు. చెప్పిన ప్రతిసారీ రాయి ఇంకొంచెం పైకి పోయేది. చివరికి అది రెక్కకు తగిలి టంగుమని మోగింది కూడా.

ఆ గొప్పే ముప్పు తెచ్చింది. నిజాం పోయాడు గానీ, సంఘం దొరల దగ్గర గుంజి పంచిన భూముల తగాదా పోలేదు. మిలిటరీ క్యాంపు పడింది. సంఘంలో తిరిగినవాళ్లను వెతికి పట్టుకుపోతున్నారు. యూనియన్ విమానాన్ని కొట్టి రెక్క వంచిన పోరగాళ్లు ఈ ఊళ్లోనే ఉన్నారని ఎవరో క్యాంపులో చెప్పారు.

ఆ రోజు బాపు మోట కొడుతున్నాడు. మోటంటే, ఎడ్లు ఏటవాలు బాటలో దిగుతూ తాడు లాగితే బావిలోంచి తోలు సంచితో నీళ్లు పైకి వస్తాయి, తాడు తిరిగే గిలక కిర్రుమని మోగుతుంది. జవాన్లు ఊళ్లోకి వచ్చారని తెలియగానే బాపు మా అన్నను బావి అవతలి జొన్న చేలోకి తోసి, గిలక మోగినంతసేపు కదలవద్దని, ఆగిందంటే వాగు దిక్కు ఉరకమని చెప్పాడు. తర్వాత ఆలోచిస్తే తెలిసింది, చెప్పకూడని మాట చెప్పాడని. జవాన్లు నేరుగా బావి దగ్గరికే వచ్చారు. ఎడ్లను ఆపి మాట్లాడమన్నారు. ఆపితే కొడుకు ఉరుకుతాడు, ఉరికితే కనబడతాడు. బాపు ఆపలేదు. చెవులు సరిగా వినబడనట్టు నటిస్తూ, వాళ్ల ప్రశ్నలకు పొంతన లేని జవాబులు చెబుతూ, ఎడ్లను తోలుతూనే ఉన్నాడు. మడి నిండి నీళ్లు గట్టు తెగి పారాయి. విసుగొచ్చి వాళ్లు వెళ్లిపోయారు. మా అన్న సాయంత్రం దాకా జొన్నల్లో పడుకుని ఆ గిలకనే విన్నాడు. ఇరుసు ఏ పక్క అరిగిందో, ఎన్ని నాళ్లలో విరుగుతుందో చప్పుడును బట్టి చెప్పొచ్చని అప్పుడే తెలిసిందని తర్వాత అనేవాడు. ప్రాణభయంలో ఉన్నవాడికి ఇరుసు గురించి ఆలోచన ఏమిటని నేను అడిగితే, అది కాకపోతే భయం గురించే ఆలోచించాలి కదా అన్నాడు.

దోస్తును దాచడానికి మోట లేదు, జొన్న చేను లేదు. గుట్ట మీద గొర్రెల మధ్య దొరికాడు, నడుముకు వడిసెలతో. విమానాన్ని కొట్టింది నువ్వేనా అంటే నేనే అన్నాడు. నీతో ఇంకెవరున్నారని అడిగారు.

"నేనొక్కన్నే."

క్యాంపులో ఉంచినన్నాళ్లూ ఎట్లా అడిగినా అదే మాట. ఈలోగా ఊరు దాటి పొమ్మని బాపు అంటే మా అన్న కదలనన్నాడు. దోస్తు తిరిగి వచ్చాక చూసి పోతానని మొండికేశాడు. బాపు ఎప్పుడూ గొంతు పెంచే మనిషి కాదు.

"నువ్వు సూసి సంబరపడాలని వాడు నోరు మూసుకున్నడా? నువ్వు పోవాలని మూసుకున్నడు. పో."

మర్నాడు ఆముదాల బస్తాల బండి మీద చిట్యాలకు, అక్కడి నుంచి బస్సులో హైదరాబాదుకు పోయాడు. ఆ తర్వాత కొన్నాళ్లకు దోస్తును వదిలారు. కుడి చెవి వినబడకుండా పోయింది. ఎవరు కొట్టారో మాకు తెలియదు. తెలిసినా ఇప్పుడు చేసేదేమీ లేదు.

మా అన్న హైదరాబాదులో చదివాడు, తర్వాత ఓడెక్కి ఇంగ్లండు పోయాడు. విమానాలు కట్టే కంపెనీలో ఉద్యోగం. ఆయన పని విమానాలు కట్టడం కాదు. కొత్తగా చేసిన రెక్కను పెద్ద షెడ్డులో బిగించి, ఇనుప చేతులతో పైకి లాగుతూ, అది విరిగేదాకా లాగడం. ఏ బరువుకు, ఎక్కడ విరిగిందో చూసి చెబితే, అసలు విమానాన్ని అంతకన్నా గట్టిగా కడతారు. సెలవుల్లో వచ్చినప్పుడు ఊళ్లో అడిగేవాళ్లు, విమానం నడుపుతావా అని. "లేదు, విరగ్గొడత" అనేవాడు. ఇంత చదివించింది ఇందుకా అని ఆడవాళ్లు మా అమ్మను జాలిగా చూసేవాళ్లు.

విరిగే ముందు లోహం మాట్లాడుతుందట. మిగతావాళ్లు గడియారాల్లాంటి వాటిని చూస్తుంటే ఈయన కళ్లు మూసుకుని వినేవాడు. ఎక్కడ నేర్చుకున్నావని తోటివాళ్లు అడిగితే, మా బాపు బావి దగ్గర అని నిజమే చెప్పేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు. ఆయన పేరు వాళ్లకు నోరు తిరగదు, ముక్క చేసి పిలిచేవాళ్లు. పేరులోనూ బలహీనమైన చోటు చూసే విరిచారని ఈయన మెచ్చుకున్నాడు.

ఇంటికొస్తే ఆ బుద్ధి పోయేది కాదు. కూర్చునే ముందు ఏ కుర్చీనైనా ఊపి చూసేవాడు. నల్లగొండ బస్సులో కిటికీ చట్రం మీద అరచేయి పెట్టి కూర్చుని, వెనక ఇరుసు సంగతి డ్రైవరుకు చెప్పబోయి తిట్లు తిన్నాడు. "విరగనిదాన్ని నమ్మొద్దు, ఎక్కడ విరుగుతదో తెలిసినదాన్నే నమ్మాలె" అనేవాడు. ఇంకోటి కూడా అనేవాడు. బరువు ఎంత అని కాదు, ఎన్నిసార్లు మోసింది అని అడగాలట. పెద్ద బరువుకు విరగని రెక్క, చిన్న బరువు మాటిమాటికీ పడితే విరుగుతుందట. కాపురాలకు కూడా ఇదే లెక్క అన్నాన్నేను. ఇది కనిపెట్టడానికి మాకు ఒక షెడ్డు కావాల్సి వచ్చింది అన్నాడు.

మా అమ్మను ఇంగ్లండు తీసుకుపోవడానికి ఆయనే వచ్చాడు. అమ్మ మెట్ల ముందు ఆగిపోయింది. "నువ్వు విరగ్గొట్టిన దాంట్ల నేనెక్కాల్నా?" అంది. దీని అక్కను విరగ్గొట్టాను, ఇది విరగకుండా ఉండడానికి అన్నాడు. అమ్మ కాసేపు ఆలోచించి, పాపం దాని అక్క అని ఎక్కింది. దారి పొడుగునా కొడుకు చేయి వదలలేదట. ఆయన రెండో చేయి రెక్క కనబడే కిటికీకి ఆని ఉందని నాకు నమ్మకం.

ఇక మీ సంచికకు తెలియని సంగతి. ఇంగ్లండులో కొన్ని విమానాలు పరదేశీలకు చూపించరు. ఆ షెడ్డులోకి పోవాలంటే ముందు ఒక అధికారి ఎదురుగా కూర్చోబెట్టి గతమంతా తవ్వుతాడు. మా అన్న ఎన్నాళ్ల నుంచో కోరుకున్న పని ఆ తలుపు అవతల ఉంది. ఏదైనా సైన్యానికి గాని, విమానానికి గాని ఎప్పుడైనా హాని తలపెట్టావా అని అడిగాడట. లేదు అంటే అయిపోయేది. ఎవరు వచ్చి చూస్తారు? మా అన్న, అవును, ఒక విమానాన్ని రాయి పెట్టి కొట్టాను అన్నాడు. అధికారి కలం కింద పెట్టి, తగిలిందా అని అడిగాడు. లేదు, అది ఎంత ఎత్తులో ఉందో నాకప్పుడు తెలియదు అన్నాడు. తర్వాతి ప్రశ్న, నీతో ఇంకెవరున్నారు?

ఇది నాకు చెప్పేటప్పుడు మా అన్న మా పెరట్లో కూర్చుని సీతాఫలం తింటున్నాడు. గింజలు అరచేతిలోకి ఊసుకున్నాడు.

"నేనొక్కన్నే అన్న చెల్లే. అంత సేపట్ల నేనాడింది ఆ ఒక్క అబద్ధమే. అది గుడ నాది గాదు, వానిది."

పని దొరికింది, చాలా ఆలస్యంగా. ఆ ఆలస్యం గురించి ఆయన ఎప్పుడూ బాధపడలేదు.

వచ్చినప్పుడల్లా ముందు దోస్తు దగ్గరికి పోయేవాడు. ఎప్పుడూ ఎడమ పక్కనే కూర్చునేవాడు, వినబడే చెవి వైపు. క్యాంపు మాట ఇద్దరూ ఎత్తేవాళ్లు కాదు. ఒకసారి ఇంగ్లండు నుంచి చెవి మిషను తెచ్చి పెట్టాడు. దోస్తు ఒక్క రోజు పెట్టుకుని తిరిగిచ్చాడు. గొర్రెల అరుపు, కోడలి మాట రెండూ ఒకేసారి వినొస్తున్నాయట. వద్దనుకున్న మాటలు చెప్పేవాళ్లను కుడి పక్కన కూర్చోబెట్టే సుఖం నాకెందుకు పోగొడతావన్నాడు. విమానం ఎక్కిస్తాను రారా అని ఎంత బతిమిలాడినా రాలేదు.

"నేను పైన ఉన్నప్పుడు కింద మనసొంటోడు ఒకడు వడిసెలతోని ఉండడా?" అన్నాడు.

పోయిన వారం ఆయనతో ఫోనులో మాట్లాడాను. మనవడు ఎడమ చెవికి పెట్టి పట్టుకున్నాడు. అన్న పోయిన సంగతి ముందే చెప్పి ఉన్నాను కాబట్టి నేరుగా సభ గురించి అడిగాను. పిలవని పేరంటానికి రానన్నాడు. నేను పిలుస్తున్నానన్నాను. నువ్వు పిలిస్తే పాలమూరుకు మీ ఇంటికి వస్తా, బడికెందుకన్నాడు. అన్న బిడ్డ వస్తోందని, దానికి తండ్రి ఏమిటో చెప్పగలిగినవాడు నువ్వొక్కడివే మిగిలావని చెప్పాను. ఏం చెప్పాలని అడిగాడు. జరిగింది చెప్పు అన్నాను. అవతల ఆయన గొర్రెలను అదిలించడం వినబడింది.

"ఇన్నేండ్లు నేనొక్కన్నే అన్న. ఇప్పుడు మాట మార్చాల్నా?"

"క్యాంపు లేసిపోయి చానా కాలమైంది. ఇగ చెప్పు" అన్నాను.

"వాడు పోయిండు గదా, వానికేం గాదు" అన్నాడు తనలో తానే అనుకున్నట్టు. తర్వాత, "సరే, బండి పంపు" అన్నాడు.

నా మోకాళ్లు నన్ను అంత దూరం పోనివ్వవు. అందుకని ఆదివారం హైదరాబాదు నుంచి సభకు కారులో పోయేవాళ్లలో ఒకరు ఈ చిన్న పని చేసిపెట్టాలి. చిట్యాల దగ్గర పెద్ద రోడ్డు దిగి, ఊళ్లోకి పోకముందే నీళ్ల ట్యాంకు దాటగానే ఎడమ చేతికి గొర్రెల దొడ్లు వస్తాయి. అక్కడ ఆగండి. ఎత్తు కారైతే కాలు పెట్టడానికి చిన్న పీట వెంట తీసుకుపోండి. ముందు సీటులో కూర్చోబెట్టండి. దారిలో చాయ తాగుతానంటే తాపించండి, చక్కెర తక్కువ అని ఆయన అనడు, మీరే అనండి. గొంగడి వదిలేసి రమ్మనకండి. దండ వేయకండి. వేదిక మీద ఆయనకు ఎడమ పక్క కుర్చీ మా మేనకోడలిది, ఏ పెద్దమనిషి వచ్చినా అందులో కూర్చోనివ్వొద్దు. తెలుగును దానికి ఇంగ్లీషులో చెప్పే మనిషిని ఆ పిల్ల వెనక నిలబెట్టండి, నెమ్మదిగా మాట్లాడేవాళ్లయితే మంచిది.

పొద్దున ఎనిమిదింటికి పోతే చాలు. అయినా ఆయన అంతకు ముందు నుంచే రోడ్డు మీద ఉంటాడు. హారను కొట్టకండి. గొంగడి భుజాన వేసుకుని, కర్ర మీద రెండు చేతులూ ఆనించి, ఎడమ చెవి చిట్యాల దిక్కు తిప్పి నిలబడి ఉంటాడు.